స్ప్లింటర్ సెల్ మళ్లీ వచ్చేలోపు: స్టెల్త్ ఆటలంటే భయపడేవాళ్లు ఎలా సిద్ధమవ్వాలి

మా బాబాయి కొడుకు మొన్న ఆదివారం ఇంటికొచ్చి, "అన్నా, స్ప్లింటర్ సెల్ రీమేక్ వస్తే కొనాలనే ఉంది గానీ, పది నిమిషాలు చీకట్లో ఒక మూల కూర్చునే ఓపిక నాకు లేదు, డబ్బులు దండగవుతాయేమో" అన్నాడు. వాడు పబ్జీ ఆడుతూ పెరిగినవాడు, గురి చూస్తే తప్పదు, కానీ గురి అక్కర్లేని ఆట అంటే వాడికి టెన్షన్. అదే వారంలో ఆఫీసులో నా పక్క సీటు అతను ఇంకో మాట అన్నాడు, ఈ కాలానికి తగ్గట్టు చేస్తామని చెప్పి దాన్ని మరీ తేలిక చేసి పాడుచేస్తారని అతని దిగులు. ఒకే ఆట గురించి ఒకరికి కష్టమవుతుందని భయం, ఇంకొకరికి తేలికవుతుందని భయం. రెండూ నిజమైన భయాలే, రెండిటికీ ముందే చేసుకోగలిగిన పని ఉంది. మా వాడికి గంటన్నర కూర్చోబెట్టి చెప్పింది ఇక్కడ రాస్తున్నాను.

ఆట సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మొదటి స్ప్లింటర్ సెల్ 2002లో వచ్చింది. శామ్ ఫిషర్ అనే ఏజెంటు, నుదుటి మీద మూడు ఆకుపచ్చ లైట్ల గాగుల్స్, వెలుతురు పడని చోట నడక, అదీ ఆట. ఇలా ఎవరి కంటా పడకుండా దాక్కుంటూ ఆడేవాటినే స్టెల్త్ ఆటలంటారు. దాన్ని పునాది నుంచి కొత్తగా కడుతున్నామని ఆ ఆట కంపెనీ యుబిసాఫ్ట్ 2021 డిసెంబరులో చెప్పింది, వాళ్ల టొరంటో స్టూడియో స్నోడ్రాప్ అనే ఇంజిన్ (ఆటను కట్టే సాఫ్ట్‌వేర్) మీద పని చేస్తోంది, ఎటు కావాలంటే అటు తిరిగే ఓపెన్ వరల్డ్ చేయకుండా పాతదానిలాగే మిషన్ తర్వాత మిషన్‌గా నడుపుతామన్నారు. ఇలా ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి రావడం బాధే, కానీ సాధనకు ఇంత టైం దొరకడం మంచిదే అనుకోండి. ఇక్కడ చెప్పేది ఈ ఒక్క ఆటకే కాదు, రాబోయే ఏ స్టెల్త్ ఆటకైనా పనికొస్తుంది.

మొదట చేయాల్సింది, మీ భయం ఏంటో తేల్చుకోవడం. "కష్టం" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, అందులో కనీసం మూడు వేరువేరు బాధలున్నాయి. దొరికిపోతే చేసిందంతా పోయి మళ్లీ మొదటికొస్తామన్నది ఒకటి. ఎందుకు దొరికామో అర్థం కాకపోవడం ఇంకొకటి. దాక్కుని ఎదురుచూడటం విసుగన్నది మూడోది. దేని మందు దానిదే. మా వాడిని అడిగితే మొదట మూడోదన్నాడు, కాసేపు తవ్వితే అసలు బాధ రెండోదని తేలింది. ఏం జరుగుతుందో తెలియనప్పుడు కూర్చోవడమే విసుగు, తెలిసి కూర్చుంటే అది విసుగనిపించదు.

మొదటి బాధ నాకు బాగా తెలుసు. నా తరంలో హైదరాబాదులో ఇంటర్నెట్ సెంటర్లలో పెరిగినవాళ్లందరికీ తెలుసు, ఎందుకంటే మా అందరి మొదటి స్టెల్త్ ఆట ఐజీఐ. 2000 డిసెంబరులో వచ్చింది, నార్వే వాళ్లు చేశారు, మనదేశంలో ప్రతి సెంటర్లో ప్రతి కంప్యూటర్లో వైస్ సిటీ పక్కనే దాని ఐకాన్ ఉండేది. అందులో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం వెళ్లే సెంటర్లో గంటకు ఇరవై రూపాయలు, నేను గంటకు సరిపడా చిల్లర పట్టుకెళ్లేవాణ్ణి. ముళ్లకంచె దాటి, బైనాక్యులర్‌తో టవర్ మీదవాణ్ణి చూసుకుని, కెమెరాలు ఆపే కంప్యూటర్ దాకా పాకుతూ వెళ్లేసరికి నలభై నిమిషాలు. అక్కడ ఒక్కడు అలారం నొక్కాడంటే బ్యారక్స్‌లోంచి జనం వస్తూనే ఉండేవారు. చచ్చిపోతే మళ్లీ కంచె దగ్గరికే. ఆ తర్వాత పావుగంట కూడా మిగిలేది కాదు, వెనక నిలబడ్డవాడు "టైం అయిపోయింది, లే" అనేవాడు. ఆ ఆట కష్టంగా ఉందని నేనెప్పుడూ ఏడవలేదు, పోయిన నలభై నిమిషాలకే ఏడుపొచ్చేది. 2003లో వచ్చిన రెండో ఐజీఐలో లెక్కపెట్టి కొన్నిసార్లు సేవ్ చేసుకోనిచ్చారు, దానికే మాకు పండగ.

కాబట్టి మీ భయం ఇదే అయితే, ఆట వచ్చిన రోజు మీరు చూసుకోవాల్సింది ఒక్కటే: మిషన్ మధ్యలో మనకు మనం సేవ్ చేసుకోవచ్చా, లేక ఆటే కొన్నిచోట్ల దానంతటది సేవ్ చేసే చెక్‌పాయింట్లేనా, చెక్‌పాయింట్లయితే ఒకదానికీ ఇంకోదానికీ ఎంత దూరం. గార్డుల తెలివితేటల కంటే కష్టాన్ని ఎక్కువ నిర్ణయించేది ఇదే. హిట్‌మ్యాన్ కొత్త ఆటల్లో చూడండి, మాస్టర్ అనే కష్టం పెట్టుకుంటే మిషన్ మొత్తానికి ఒక్కటే సేవ్ ఇస్తారు. దాంతోనే ముంబై మిషన్ లాంటి పెద్ద మ్యాపులో అడుగు తీసి అడుగు వేయడానికి చెయ్యి వణుకుతుంది. మామూలు కష్టంలో అదే ముంబై హాయిగా తిరుగుతూ ఆడుకునే ఊరు. షాడో టాక్టిక్స్ అనే ఇంకో స్టెల్త్ ఆట వాళ్లయితే, చివరి సేవ్ చేసి చాలాసేపయిందంటే తెర మీద గుర్తుచేస్తారు, ఆ మర్యాద అన్ని ఆటల్లోనూ ఉంటే బాగుండును.

రెండో బాధకు సాధన కావాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, రీమేక్ వస్తోంది కదా అని 2002 ఆటతోనే మొదలుపెడతారు. నేను వద్దంటాను. ఆ ఆట మీద నాకున్న ప్రేమతోనే వద్దంటున్నాను. అందులో కొన్ని మిషన్లలో మూడు అలారాలు మోగితే ఆట అయిపోయినట్టే, సీఐఏ ఆఫీసులోకి దూరే మిషన్లో ఒక్కర్ని కూడా చంపకూడదు, కొన్నిచోట్ల ఏం చేయాలో ఒకసారి ఓడిపోతే గానీ తెలియదు. కొత్తవాళ్లు దానితో మొదలుపెడితే స్టెల్త్ అంటే శిక్ష అనుకుని అక్కడే ఆపేస్తారు.

ముందు మార్క్ ఆఫ్ ది నింజా ఆడండి. 2012లో వచ్చిన ఆట, పక్కనుంచి కనిపించే బొమ్మల ఆట, ఎంత పాత ల్యాప్‌టాప్ అయినా మోస్తుంది. దాని గొప్పదనం ఏంటంటే, మీరు పరుగెత్తితే మీ చప్పుడు ఎంత దూరం వెళ్తుందో తెర మీద గుండ్రంగా గీసి చూపిస్తుంది, గార్డు చూపు ఎక్కడిదాకా ఆనుతుందో అదీ కనిపిస్తుంది. దొరికిపోతే ఎందుకు దొరికారో మీకే తెలుస్తుంది, ఆట మీద కోపం రాదు. అది ఒకసారి పూర్తి చేసి మళ్లీ మొదలుపెడితే ఆ గీతలన్నీ తీసేస్తారు, మీ నింజా చూస్తున్న వైపు మాత్రమే కనిపిస్తుంది. అప్పటికి ఆ గీతలు మీ తలలో ఉంటాయి. స్టెల్త్ నేర్చుకోవడానికి ఇంతకంటే చక్కటి బడి నాకు తెలియదు.

ఆ తర్వాత 2005లో వచ్చిన కేయాస్ థియరీ. స్ప్లింటర్ సెల్‌లలో అదే నాకు అన్నిటికంటే ఇష్టం. అందులో వెలుతురు కొలత పక్కనే చప్పుడు కొలత కూడా ఉంటుంది. మీ అలికిడి ఎంత, చుట్టూ ఉన్న హోరు ఎంత, రెండూ ఒకే గీత మీద చూపిస్తారు. జనరేటర్ పక్కన గబగబా నడిచినా ఎవరికీ వినపడదు, నిశ్శబ్దంగా ఉన్న హాల్లో అదే నడక మీ ప్రాణం మీదికి తెస్తుంది. పైగా అలారం మోగినంత మాత్రాన ఆట ఆగిపోదు, గార్డులు మరింత జాగ్రత్తపడతారు, అంతే. తప్పు చేసి సర్దుకోవడం నేర్పే ఆట అది.

సాధన ఎలా చేయాలంటే, కొత్త గదిలోకి రాగానే కదలకండి. కనిపిస్తున్న గార్డు గస్తీ రెండు పూర్తి చుట్లు చూడండి. ఒక్క చుట్టు చాలదు, రెండో చుట్టులో కూడా వాడు అదే కిటికీ దగ్గర ఆగాడా లేదా అన్నది ముఖ్యం. ఎన్ని అంకెలు లెక్కపెట్టేసరికి వెనక్కి తిరుగుతున్నాడో మనసులో లెక్కేసుకోండి. అప్పుడు కూడా కదలొద్దు, ముందు మీరు దాక్కోబోయే తర్వాతి చోటు ఎంచుకోండి, అక్కడ తేడా వస్తే పారిపోయే చోటు ఇంకొకటి ఎంచుకోండి. ఈ రెండు చోట్లూ తెలిశాకే అడుగు. అమీర్‌పేటలో మెట్రో కింద సాయంత్రం ఆరింటికి రోడ్డు దాటే మనిషిని చూడండి, అతను బండ్లను ఆపడు, పరుగెత్తడు, మధ్యలో ఎక్కడ నిలబడాలో ముందే చూసుకుని సగం దాటి ఆగి మళ్లీ సగం దాటతాడు. ఈ ఊళ్లో పెరిగిన ప్రతివాడికీ స్టెల్త్ సగం వచ్చినట్టే. ఈ మాట మా వాడికి నచ్చింది.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన విషయం. గార్డు చూడగానే పాత సేవ్‌కు తీసుకెళ్లే లోడ్ బటన్ నొక్కే అలవాటు మానండి. నేను ఏళ్ల తరబడి ఆ అలవాటుతో ఆడాను, దానివల్ల ఆటలో సగం నేనెప్పుడూ చూడనేలేదు. గార్డుకు అనుమానం వస్తే ముందు అటు చూస్తాడు, తర్వాత నడిచి వస్తాడు, ఏమీ దొరక్కపోతే వెతుకుతాడు, కొంతసేపటికి గొణుక్కుంటూ తన చోటికి వెళ్లిపోతాడు. ఈ మొత్తం క్రమం ఎంతసేపు పడుతుందో, ఏ దశలో తప్పించుకోవచ్చో తెలిసినవాడికి భయం పోతుంది. లోడ్ నొక్కేవాడికి అది ఎప్పటికీ తెలియదు, అందుకే వాడికి ప్రతి గార్డూ యమదూతే. సాధన చేసేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: ఒక మిషన్లో కనీసం మూడుసార్లు, దొరికిన తర్వాత కూడా ఆడాలి. పరుగెత్తండి, దీపం పగలగొట్టండి, తలుపు వేసేయండి, చచ్చేదాకా ఆడండి. ఎవరికీ కనిపించకుండా పూర్తి చేయాలన్న సరదా రెండోసారి ఆడినప్పుడు తీర్చుకోవచ్చు.

కష్టం స్థాయి ఏది పెట్టుకోవాలి అన్నది అందరూ అడిగే ప్రశ్న. చాలామంది దీన్ని ఒకే మీట అనుకుంటారు. స్టెల్త్ ఆటలో నిజానికి కనీసం రెండు మీటలున్నాయి: వాళ్లు మనల్ని ఎంత త్వరగా గుర్తుపడతారు, గుర్తుపట్టాక ఎంత గట్టిగా కొడతారు. ఈమధ్య ఆటలు వీటిని విడదీసి ఇస్తున్నాయి. 2025 మార్చిలో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ షాడోస్‌లో పోరాటానికి వేరే కష్టం, స్టెల్త్‌కు వేరే కష్టం పెట్టుకోవచ్చు, స్టెల్త్‌ను ఎక్స్‌పర్ట్‌కు తిప్పితే గార్డులు తలెత్తి కప్పుల మీద కూడా చూస్తారు. 2020లో ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం అయితే శత్రువులకు, స్టెల్త్‌కు, దొరికే సామానుకు దేనికి దానికే మీట ఇచ్చింది. యుబిసాఫ్టే షాడోస్ కూడా చేసింది కాబట్టి రీమేక్‌లోనూ ఇలా విడదీస్తారని నా ఆశ. ఆశే, ఖాయంగా చెప్పడం లేదు.

అలా విడిగా ఇస్తే కొత్తవాళ్లు మామూలుగా ఏం చేస్తారంటే, పోరాటం తేలిక చేసుకుంటారు, దొరికినా కాల్చుకుంటూ పోవచ్చని. నేను దానికి సరిగ్గా తిరగేసి పెట్టమంటాను. గార్డులు మిమ్మల్ని ఆలస్యంగా గుర్తుపట్టాలి, గుర్తుపడితే మాత్రం గట్టిగా కొట్టాలి. ఎందుకంటే తుపాకీతో పని అయిపోతుందని తెలిస్తే చీకట్లో కూర్చోవడానికి మీ మనసు ఒప్పుకోదు, మూడో గదికే స్టెల్త్ మానేసి కాల్పులు మొదలుపెడతారు, ఆ తర్వాత ఆట చప్పగా ఉందంటారు. దెబ్బ భయం ఉంటేనే నీడ విలువ తెలుస్తుంది. గుర్తుపట్టడానికి టైం ఎక్కువ ఇస్తే మీ తప్పు మీకు కనిపిస్తుంది, సర్దుకునే వీలుంటుంది. పది గంటలు ఆడాక గుర్తుపట్టే మీట ఒక మెట్టు పైకి తిప్పండి. చేతులు నొప్పి, చూపు తక్కువ, గట్టిగా వినపడదు అనేవాళ్లు మాత్రం ఈ సలహా పక్కన పెట్టి, ఆట ఇచ్చే సాయాలన్నీ వాడుకోండి, అవి మీకోసం పెట్టినవే.

ఇక మా ఆఫీసు అతని భయం. అది గాల్లోంచి రాలేదు. 2010లో స్ప్లింటర్ సెల్ కన్విక్షన్ వచ్చినప్పుడు, ముగ్గురు నలుగురి మీద ముందే గుర్తు పెట్టి ఒక్క బటన్‌తో పడగొట్టే పద్ధతి తెచ్చారు. చీకట్లో నక్కి గంటలు గడిపిన పాతవాళ్లకు అది కడుపుకోత. 2013లో బ్లాక్‌లిస్ట్ కొంత సర్దింది, చంపకుండా కనిపించకుండా పోయేవాళ్లకు గోస్ట్ అని వేరే లెక్క కట్టింది, పర్‌ఫెక్షనిస్ట్ అనే కష్టం కూడా ఇచ్చింది. కష్టం పెంచడమంటే గార్డుల ప్రాణం పెంచడం కాదని 1998లోనే థీఫ్ అనే ఆట చూపించింది. అదే మ్యాపులో కష్టం పెంచితే చేయాల్సిన పనులు పెరుగుతాయి, పై స్థాయిలో ఎవర్నీ చంపకూడదన్న షరతు వస్తుంది. మీకు తేలికవుతుందన్న భయం ఉంటే ఆ దారి మీరే పట్టొచ్చు. తెర మీద గుర్తులన్నీ ఆపేయండి, గోడల్లోంచి చూపించే గాగుల్స్ వాడకండి, ఎవర్నీ ముట్టుకోకుండా మిషన్ దాటండి. ట్రైలర్ వచ్చినప్పుడు కూడా పేలుళ్లు చూసి నిర్ణయానికి రాకండి, ట్రైలర్ కోసేవాళ్లకు పేలుళ్లే కావాలి. ఎడిట్ చేయని ఆట వీడియో వచ్చేదాకా ఆగి, దీపం ఆర్పితే గార్డు పట్టించుకుంటున్నాడా, నేల మారితే అడుగుల చప్పుడు మారుతోందా అని చూడండి. ఆ రెండూ ఉంటే ప్రాణం ఉన్నట్టే.

గది గురించి ఎవరూ చెప్పరు గానీ సగం కష్టం అక్కడే ఉంది. మన ఇళ్లల్లో హాల్లో ట్యూబ్‌లైట్, ఎదురుగా టీవీ, కిటికీలోంచి ఎండ, ఈ వెలుతురులో చీకటి ఆట ఆడితే నల్ల రంగు తప్ప ఏమీ కనిపించదు, అప్పుడు బ్రైట్‌నెస్ పెంచేస్తాం, దాంతో ఏది నీడో ఏది వెలుతురో తేడా పోతుంది, దొరికిపోతాం, ఆట కష్టం అంటాం. ముందు కర్టెన్ వేయండి, తెర వెనక గోడ మీద చిన్న లైటు ఉంచి మిగతావి ఆపండి. ఆ తర్వాతే ఆట మొదట్లో చూపించే బొమ్మ లీలగా కనిపించేంత వరకు బ్రైట్‌నెస్ సర్దండి, అంతకు మించొద్దు. టీవీ మీద ఆడితే గేమ్ మోడ్ పెట్టి, దానంతటదే వెలుతురు మార్చే సెట్టింగులు ఆపేయండి.

చప్పుడు కూడా అంతే. మే నెలలో కూలర్ హోరులో గార్డు అడుగులు మీకు వినపడవు, అచ్చం జనరేటర్ పక్కన మీ అడుగులు వాడికి వినపడనట్టే. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ కొనండి, ఖరీదైనవి అక్కర్లేదు, కుడి ఎడమ తేడా తెలిస్తే చాలు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో రెండు మూడు షాపులు తిరిగి పెట్టుకుని చూసి తీసుకోండి. అక్కడే చిన్న యూపీఎస్ కూడా చూడండి, ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే కరెంటు పోవడం ఖాయం, అది సరిగ్గా చెక్‌పాయింట్‌కు ముందే పోతుంది.

కొనే సంగతి క్లుప్తంగా. కష్టం గురించి అనుమానం ఉన్నవాళ్లు ముందే బుక్ చేయొద్దు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ షాపులో కొంటే 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. కానీ స్టెల్త్ ఆటల్లో మొదటి గంట నేర్పించడానికే పోతుంది, కాబట్టి ఆ 2 గంటలను పొదుపుగా వాడండి, సెట్టింగులు సర్దుకుని, నేర్పించే భాగం అయ్యాక వచ్చే మొదటి అసలు గదిలో పైన చెప్పిన రెండు చుట్ల పద్ధతి చేసి చూడండి. ఆ గదిలో ఎందుకు దొరికారో మీకు మీరు చెప్పుకోగలిగితే ఆట ఉంచుకోండి, చెప్పుకోలేకపోతే వెనక్కి ఇచ్చేయండి. కొన్ని పెద్ద ఆటలు మనకు రాత్రి బాగా పొద్దుపోయాక తెరుచుకుంటాయి, మర్నాడు ఆఫీసు ఉంటే ఆ రాత్రి మొదలుపెట్టొద్దు. నిద్ర కళ్లతో ఎదురుచూడటం ఎవరికీ చేతకాదు.

మా వాడికి ఆ ఆదివారమే నా కంప్యూటర్లో కేయాస్ థియరీ పెట్టిచ్చాను, లైట్‌హౌస్ మిషన్. మొదటి అరగంటలో నాలుగుసార్లు దొరికాడు, నాలుగుసార్లూ చెయ్యి లోడ్ మీదికే పోయింది, నాలుగుసార్లూ ఆపాను. ఐదోసారి గార్డు అటు తిరిగేదాకా రాయి వెనక ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడింటికి గదిలో ఉక్కగా ఉంది, హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి, తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "అన్నా, కూలర్ ఆపవా, వాడి అడుగులు వినపడట్లేదు."